ఎవరి పేరిట జమ?



ముందు మా సారు గురించి. గడ్డిఅన్నారంలో రెండు గదుల ఇంట్లో రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఆయన మాకు అకౌంట్స్ చెప్పేవారు. బోర్డు కొనలేదు. వీధి తలుపు లోపలివైపు నల్లరంగు వేయించి, దాని మీదే సుద్దముక్కతో రాసేవారు. ఎవరైనా వచ్చి తలుపు తీస్తే సగం పాఠం గోడ వెనక్కి పోయేది. మొదటి రోజు ఆ తలుపు మీద రాసిన వాక్యం ఒక్కటే: పుచ్చుకున్నవారికి ఖర్చు, ఇచ్చినవారికి జమ. చిట్టా ఎంత శుభ్రంగా రాసినా, ఆవర్జాలో పద్దు వేరే పేరు కింద పడిందంటే ఆ పుస్తకం అబద్ధం చెబుతున్నట్టే అనేవారు.

ఆయన ఉస్మానియాలో ఎం.కాం. చదివిన రెండేళ్లూ ఇల్లు నడిపింది ఆయన భార్య, మా అమ్మగారు, కుట్టుమిషను మీద. ఆ సంగతి సారు ఏ బ్యాచ్‌కీ చెప్పకుండా వదల్లేదు. "పట్టా మీద నా పేరుంది. ఆ పట్టా పద్దులో జమ మాత్రం ఆమెది" అనేవారు. సారు పేరిట ఈ స్మారక నిధి కూడా అమ్మగారు పెట్టిందే. ఆమె ముందు వరుసలో కూర్చున్నారు. ఈ గంటసేపూ ఆమెకే లెక్క అప్పజెబుతున్నాననుకుని మాట్లాడతాను. విషయం ఇది: ఆలుమగల్లో ఒకరు సంపాదిస్తూ, ఒకరు పూర్తికాలం చదువుతుంటే, ఆదాయపు పన్ను చట్టం ఆ ఇంటిని ఎలా చూస్తుంది, ఎవరి పేరిట జమ రాస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ప్రశ్న అడగడానికి కారణం వెతకక్కర్లేదు. సాయంత్రం చైతన్యపురి మెట్రో మెట్ల దగ్గర పది నిమిషాలు నిలబడండి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా రైలు మొదలైనప్పటి నుంచి, మాదాపూర్ వైపు పనిచేసేవాళ్లు అద్దె తక్కువని ఇటువైపు కాపురం పెట్టడం తేలికైంది. అతను భుజాన ల్యాప్‌టాప్ సంచితో రైలు దిగుతాడు. ఆమె స్టడీ హాల్ నుంచి చేతిలో నోట్సు, టిఫిన్ డబ్బాతో నడిచి వస్తుంది. కొన్ని ఇళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. ఆమె ఆస్పత్రి డ్యూటీ నుంచి వస్తే, అతను గ్రూప్స్ కోచింగ్ నుంచి వస్తాడు. కూరగాయల బండి దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు. ఇంటికి వచ్చే జీతం ఒకటే. పనిచేస్తున్నది మాత్రం ఇద్దరూ.

ఇక నా బల్ల దగ్గరికి వస్తాను. కొన్నేళ్ల కింద, జూలై నెలాఖరున, కొత్తపేటలో నేను రిటర్నులు వేసే గదికి ఒక జంట వచ్చింది. అతనిది ఐటీ ఉద్యోగం. ఆమె ఉద్యోగం మానేసి ఎంబీఏలో చేరింది. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో అతని ఫారం 16, ఆమె కాలేజీ బోనఫైడ్, బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్ ఉన్నాయి. అతను సర్టిఫికెట్‌ను నా ముందుకు జరిపాడు. "సార్, వడ్డీ తొంభై ఆరు వేలు కట్టిన. 80ఈ కింద వస్తది కదా?"

నేను అంకె కన్నా ముందు పేర్లు చూస్తాను. మొదటి పేరు ఆమెది. సహ రుణగ్రహీత అన్నచోట ఆమె తండ్రి పేరు. అతని పేరు కాగితం మీద ఎక్కడా లేదు.

"పేరు లేకపోతే ఏమైతది సార్? ఈఎంఐ నా అకౌంట్ల నుంచే పోతది. మెసేజ్ గూడ నాకే వస్తది" అని ఫోన్ తీసి చూపించాడు. ఆమె మెల్లగా అంది: "అడ్మిషన్ టైంల ఈయనకు లీవ్ దొరకలే సార్. నాన్న మా ఇంట్లనే ఉండె. బ్యాంకుల సంతకం కావాల్నంటే నాన్నే పెట్టిండు."

సెక్షన్ 80ఈ చెప్పేది ఇదీ: ఉన్నత చదువు కోసం బ్యాంకు నుంచి గానీ, గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ నుంచి గానీ, ఆమోదం ఉన్న ధార్మిక సంస్థ నుంచి గానీ అప్పు తీసుకున్న మనిషి, తన పన్ను వర్తించే ఆదాయంలోంచి కట్టిన వడ్డీని మొత్తం తగ్గించుకోవచ్చు. వడ్డీకి గరిష్ఠ పరిమితి లేదు, అసలుకు మినహాయింపు లేదు. చదువు తనది కావచ్చు, భార్యది లేదా భర్తది కావచ్చు, పిల్లలది కావచ్చు. కానీ అప్పు తీసుకున్నవారూ, వడ్డీ కట్టినవారూ ఒకరే కావాలి. ఇక్కడ ఆమె అప్పు తీసుకుంది, ఆదాయం లేదు. తండ్రి సంతకం పెట్టాడు, పైసా కట్టలేదు. పైగా ఆయనది వ్యవసాయం, కట్టినా తగ్గించుకోవడానికి పన్నే లేదు. భర్త నెలనెలా కట్టాడు, అప్పు అతనిది కాదు. 20 శాతం శ్లాబులో ఉన్న అతనికి సెస్సుతో కలిపి 19,968 రూపాయలు తగ్గాల్సింది. ముగ్గురున్న ఆ పద్దులో ఒక్కరికీ జమ పడలేదు.

ఆ తప్పులో నా పాలూ ఉంది. అంతకు ముందు ఏడాది అతను ఫోన్ చేసి అడిగినప్పుడు, ఆడవాళ్ల పేరిట చదువు అప్పుకు చాలా ప్రభుత్వ బ్యాంకులు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి, ఆమె పేరిటే తీసుకోండి అన్నాను. రెండో సంతకం ఎవరిదని అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు అతను ఎలాగో సెలవు పెట్టుకునేవాడు. చీటీ పాడి ఫీజు కట్టినవారూ, బావమరిది దగ్గర చేబదులు తెచ్చినవారూ వస్తుంటారు. వాళ్లకు ఈ సెక్షన్ మొదటి నుంచే లేదు. బ్యాంకు దాకా వెళ్లి, ఒక్క సంతకం దగ్గర జారిపోయిన ఇంటిని చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇంకో మెలిక ఉంది. ఈ మినహాయింపు వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లే. చదువుతున్న రోజుల్లో బ్యాంకు వడ్డీ అడగకపోయినా, భారం తగ్గుతుందని కొందరు అప్పటి నుంచే కడతారు. మంచి అలవాటే. గడియారం కూడా అప్పటి నుంచే తిరగడం మొదలవుతుంది.

భార్య చదువుకు ఈ మాత్రం చోటు దొరకడం కూడా పాత సంగతి కాదు. 2007 ఆర్థిక చట్టం వచ్చేదాకా 80ఈ ఎవరి సొంత చదువుకు వారికే. పిల్లల ట్యూషన్ ఫీజుకు 80సిలో ఇద్దరు పిల్లల వరకు చోటుంది. అదే కాలేజీలో, అదే కౌంటర్‌లో భార్య ఫీజు కడితే ఆ సెక్షన్ తల తిప్పుకుంటుంది.

అలాగని ఆలుమగలను మన చట్టం ఎప్పుడూ పరాయివాళ్లలాగే చూసిందనడం సరికాదు. 1955 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ పెళ్లయినవారికి 2,000 రూపాయల ఆదాయం దాకా పన్ను లేకుండా చేసి, పెళ్లికానివారికి ఆ పరిమితిని 1,000కి దించారు. ఇంట్లో మరో మనిషి ఉందన్న సంగతి పన్ను పట్టీలోకి ఎక్కింది. అప్పటికి రెండేళ్ల కింద, 1953లో, ఆయన మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిని పెళ్లాడారు. ఎనిమిదేళ్లకే పెద్దలు చేసిన పెళ్లి నుంచి బయటికి వచ్చి, వయసొచ్చాక మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఏ, మద్రాసులో లా చదివిన మనిషి ఆమె. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు రెండేళ్లలో మెట్రిక్ కట్టేలా సంక్షిప్త కోర్సులు ఆ బోర్డు 1958లో మొదలుపెట్టింది. మన హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ ఆమె చేతి నాటు. భర్త పన్ను చట్టంలో భార్య పోషణకు చోటిచ్చాడు. భార్య, పెళ్లయిన స్త్రీల చదువుకు బడి తెరిచింది. ఆ రెండు ఆలోచనలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఒకే సెక్షన్‌లో కలవడానికి మాత్రం ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

పెళ్లయినవారికి ఇచ్చిన ఆ తేడా తర్వాతి కాలంలో పోయింది. స్త్రీలకు కొంచెం ఎక్కువగా ఉన్న పరిమితి, 2011-12లో మిగతావారికి 1,80,000 ఉంటే వారికి 1,90,000, మరుసటి ఏడాది అందరికీ 2 లక్షలు చేసినప్పుడు పోయింది. ఇప్పుడు మనిషికొక పాన్, మనిషికొక రిటర్ను. హిందూ ఉమ్మడి కుటుంబానికి వేరే పాన్ ఇచ్చే చట్టం, ఆలుమగలిద్దరికీ కలిపి ఒక రిటర్ను ఇవ్వదు.

దాని ఫలితం అంకెల్లో చూద్దాం. సారు తలుపు మీద రాసినట్టు పక్కపక్కనే రెండు ఇళ్లు రాస్తాను. 2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త పన్ను విధానం. మొదటి ఇల్లు సరూర్‌నగర్‌లో. ఇద్దరూ ఉద్యోగులు, చెరో 7 లక్షల జీతం. 12 లక్షల దాకా సెక్షన్ 87ఎ రిబేటు ఉంది కాబట్టి ఇద్దరికీ పన్ను సున్నా. రెండో ఇల్లు అదే వీధిలో. ఆమె ఉద్యోగం మానేసి ఎం.టెక్.లో చేరింది. ఇల్లు గడవాలని అతను రాత్రి షిఫ్టు ఉన్న ఉద్యోగానికి మారాడు, జీతం 14 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 13,25,000. సెస్సుతో కలిపి పన్ను 81,900. రెండిళ్లకూ వచ్చేది 14 లక్షలే. రెండో ఇంటికి అదనంగా కాలేజీ ఫీజుంది, అప్పు మీద వడ్డీ ఉంది, పగలు నిద్రపోయే మనిషి ఉన్నాడు. పన్ను పడింది ఆ ఇంటికే.

80ఈ ఉంది కదా అంటారా? అది పాత విధానంలోనే ఉంది. 2020లో వచ్చి, 2023-24 నుంచి మనం అడగకపోయినా వర్తించేలా అయిన కొత్త విధానంలో లేదు. సరే, ఆ ఇంటిని పాత విధానంలోకి తీసుకెళ్దాం. అప్పు మీద అతని సంతకం సరిగ్గా ఉంది, వడ్డీ లక్ష రూపాయలు. పీఎఫ్, బీమా కలిపి 80సి లక్షన్నర నిండుగా, ఆరోగ్య బీమా 25,000. స్టాండర్డ్ డిడక్షన్ 50,000తో పాటు ఇవన్నీ తీసినా పన్ను 1,40,400. ఇంటి అద్దె మినహాయింపు మరో లక్షన్నర కలిపితే 1,01,400. అప్పటికీ కొత్త విధానమే నయం. అమ్మానాన్నలుండే సొంత ఫ్లాటు మీద అప్పు వడ్డీ 2 లక్షలు కూడా తోడైతే 59,800కి దిగి, అప్పుడు పాతది గెలుస్తుంది. ఇన్ని అప్పులు కలిస్తే గానీ చదువు అప్పుకు విలువ రాని పరిస్థితి ఇది. నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామందికి 80ఈ పుస్తకంలో ఉంది, ఇంట్లోకి రాలేదు. ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చిన 2026 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ల, ఫారాల అంకెలు మారాయి. మన నోటికి పాత అంకెలే అలవాటు కాబట్టి అవే చెబుతున్నాను.

వేరే దారి లేదా అంటే, మన దేశంలోనే ఉంది. గోవాలో పోర్చుగీసు సివిల్ కోడ్ ప్రకారం ఆలుమగల ఆస్తి ఉమ్మడిది. అందుకని మన ఆదాయపు పన్ను చట్టమే, సెక్షన్ 5ఎ కింద, అక్కడి దంపతుల ఇంటి అద్దె, వ్యాపారం, వడ్డీ లాంటి ఆదాయాలను సగం సగం చేసి ఇద్దరి పేరిటా రాస్తుంది. జీతం ఒక్కటే ఎవరిది వారిది. అదే పని ఎల్‌బీ నగర్‌లో మీరు సొంతంగా చేస్తే, అంటే చదువుకుంటున్న భార్య పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, ఆ వడ్డీని సెక్షన్ 64 తిరిగి భర్త ఆదాయంలోనే కలుపుతుంది. ఫీజు కోసం ఆమెకు ఇచ్చిన డబ్బు మీద పన్ను లేదు, దానికి భయపడక్కర్లేదు. ఆమె పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే, చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌గా అది కూడా పన్ను బయటే. ఈ రెండు మాటలూ ఇక్కడున్న పిల్లలు గుర్తుపెట్టుకోవాలి.

మన పిల్లలు కాపురాలు పెట్టిన దేశాల్లో పద్ధతులు వేరు. బ్రిటన్‌లో చదువుకుంటున్న భార్యకు ఆదాయం లేకపోతే, ఆమె వాడుకోని పన్నులేని పరిమితిలోంచి 1,260 పౌండ్లు భర్తకు బదిలీ అవుతాయి. అతను మామూలు రేటు శ్లాబులో ఉంటే ఏడాదికి 252 పౌండ్లు తగ్గుతాయి. చిన్న మొత్తమే, కానీ ఆమె పేరు అతని పన్నులో కనిపిస్తుంది. కెనడాలో విద్యార్థి వాడుకోలేని ట్యూషన్ మొత్తంలో 5,000 డాలర్ల దాకా జీవిత భాగస్వామికి ఇవ్వొచ్చు. మిగిలింది విద్యార్థి పేరిటే ముందు సంవత్సరాలకు నిలవ ఉంటుంది, మరొకరు తీసుకోలేరు. పిల్లల సంరక్షణ ఖర్చు అక్కడ మామూలుగా తక్కువ ఆదాయం ఉన్నవారే చూపాలి. ఆ మనిషి పూర్తికాలం చదువుతుంటే ఎక్కువ ఆదాయం ఉన్నవారు చూపవచ్చు, ఏడేళ్లలోపు బిడ్డకు వారానికి 200 డాలర్ల లెక్కన.

వీటన్నిటిలో నా మనసును పట్టింది అమెరికా నియమం ఒకటి. డాలస్‌లో ఒక తెలుగు జంట అనుకోండి. అతను ఉద్యోగి, ఆమె ఎంఎస్ చదువుతోంది, బిడ్డ డే కేర్‌లో ఉంది. డే కేర్ ఖర్చు మీద పన్ను క్రెడిట్ రావాలంటే తల్లీతండ్రీ ఇద్దరికీ సంపాదన ఉండాలి. ఆమెకు లేదు. అప్పుడు చట్టం ఏం చేస్తుందంటే, ఏడాదిలో కనీసం అయిదు నెలలు పూర్తికాల విద్యార్థిగా ఉన్న మనిషి, చదివిన ప్రతి నెలా 250 డాలర్లు సంపాదించినట్టే లెక్క వేస్తుంది. ఇద్దరు పిల్లలుంటే 500. ఆ డబ్బు ఎవరూ ఇవ్వలేదు. చదువును పనిగా పద్దులో రాశారు, అంతే. సారు బతికి ఉంటే ఈ నియమాన్ని తలుపు మీద రాసేవారు.

మన పేటకు తిరిగి వస్తే, ఇక్కడ చదివేవాళ్లలో చాలామందికి బోనఫైడ్ సర్టిఫికెట్ కూడా ఉండదు. డీఎస్సీకో గ్రూప్స్‌కో ఎస్సై పరీక్షకో రోజుకు పన్నెండు గంటలు చదివే ఇల్లాలు ఏ కాలేజీ రిజిస్టరులోనూ లేదు. ఆమె ఫీజు రసీదు మీద కనిపించే పన్ను ఒకటే, కోచింగ్ మీద 18 శాతం జీఎస్టీ. 50,000 ఫీజుకు 9,000. ఆ ఇంటి ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి ఆదాయపు పన్ను లేదు, తగ్గించుకోవడానికీ ఏమీ లేదు. క్రెడిట్ల గురించి నేను చెప్పేదంతా వాళ్ల పక్కనుంచి వెళ్లిపోతుంది. అది మర్చిపోయి మాట్లాడితే ఈ వీధిలో మాట్లాడినట్టు కాదు. వాళ్లకు కావలసింది ఆ 18 శాతం తగ్గడం.

విదేశీ చదువుకు భార్యనో భర్తనో పంపేవారికి మాత్రం అచ్చమైన పన్ను జమ ఒకటి ఉంది. 2025-26లో సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి ఫీజుకు పంపితే, దాటిన దాని మీద బ్యాంకు 5 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంది. 22 లక్షలు పంపితే 60,000. బ్యాంకు చదువు అప్పు డబ్బయితే పట్టుకోలేదు. ఆ 60,000 ఎవరి పాన్ మీద డబ్బు వెళ్లిందో వారి పన్ను పట్టిక 26ఏఎస్‌లోనే జమ పడుతుంది. ఆమె పాన్ అయితే, ఆదాయం లేని ఆమె రిటర్ను వేసి రిఫండ్ కోసం ఎదురుచూడాలి. అతని పాన్ అయితే అతని పన్నులో చెల్లు. 2024 అక్టోబరు నుంచి ఉద్యోగి ఆ సంగతి ఫారం 12బిఏఏలో కంపెనీకి చెబితే, జీతంలో కోత అప్పుడే తగ్గుతుంది. మళ్లీ అదే ప్రశ్న, బ్యాంకు కౌంటర్ దగ్గర ఎవరి పేరు రాస్తున్నారు?

ఆలుమగలకు ఇష్టమైతే ఉమ్మడి రిటర్ను వేసే వీలివ్వాలని 2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ సూచించింది. నాకు సగమే సమ్మతం. ఆదాయాలు కలిపేస్తే, కొత్తగా ఉద్యోగంలో చేరే భార్య మొదటి రూపాయి భర్త పై శ్లాబులో పడుతుంది. నువ్వు సంపాదించి ఏం లాభం అనే మాట ఇంట్లో పుడుతుంది. ఆ మాట పుట్టకూడదు. నేను కోరేది చిన్నది. గుర్తింపు ఉన్న కాలేజీలో పూర్తికాలం చదివే ఏళ్లకు, బోనఫైడ్ చూపి, చదివే మనిషి వాడుకోని 4 లక్షల పన్నులేని పరిమితిని సంపాదించే మనిషికి బదిలీ చేయనివ్వాలి. చదువు ముగిసిన ఏడాదే బదిలీ ముగియాలి. రెండో ఇంటి 81,900లో కనీసం ఆమె భాగం ఎంతో అప్పుడు కాగితం మీద కనిపిస్తుంది. చదువు అప్పు వడ్డీ కొత్త విధానంలోనూ ఉండాలి. అప్పు మీద ఎవరి సంతకం ఉన్నా, ఖాతా నుంచి కట్టిన జీవిత భాగస్వామికి అది దక్కాలి. ఖాతా సాక్ష్యం ఉండగా సంతకం దగ్గర ఆగడం ఎందుకు?

ఆ జంట మళ్లీ వచ్చింది. ఈసారి ఫోల్డర్ ఆమె చేతిలో ఉంది. తొమ్మిది లక్షల జీతం, ఆమె పేరిట మొదటి ఫారం 16. కింద అదే వడ్డీ సర్టిఫికెట్, అవే రెండు పేర్లు. "ఇది యాడ పెట్టాలె సార్?" అని అడిగింది. ఎక్కడా అక్కర్లేదమ్మా, నీకు పన్నే రాదు అన్నాను. ఆమె ఆ కాగితాన్ని తిరిగి ఫోల్డర్‌లో పెట్టుకుని, ఈఎంఐ ఖాతా మార్చడానికి బ్యాంకుకు రాయాల్సిన ఉత్తరం ఎలా ఉండాలో అడిగింది. దానివల్ల పన్నులో పైసా కలిసిరాదని చెప్పాను. "తెలుసు సార్" అంది. నా బల్ల మీదే రాసింది, తెలుగులో. వచ్చే నెల అయిదో తారీఖు నుంచి వాయిదా నా జీతం ఖాతాలోంచే తీసుకోగలరు అని. కింద సంతకం పెట్టి, పెన్ను భర్తకు ఇచ్చింది. అతను సాక్షి అన్నచోట సంతకం పెట్టాడు.